మూతలో దాక్కున్న రెండు వైర్లు

కొండ మీద, వాతావరణ కేంద్రం
మే 14

అక్కా,

ముందు క్షేమం. రెండు స్వెటర్లు వేసుకుని, చెవులు కట్టుకుని, ముక్కు కార్చుకుంటూ క్షేమంగానే ఉన్నాను. ఇక్కడ గాలి తలుపు తట్టదు, తన్నుతుంది. నువ్వు ఇచ్చిన ల్యాప్‌టాప్‌ని దుప్పట్లో పెట్టుకుని పడుకుంటున్నాను. దానికి చలేస్తుందని కాదు, నాకు వెచ్చగా ఉంటుందని. ఈ ముక్క మాత్రం అమ్మకి చదవకు. మంచంలో కరెంటు వస్తువా అని గుండెలు బాదుకుంటుంది.

కేంద్రంలో ఉన్నది ఇద్దరం. నేనూ, బెలూన్లు వదిలే ఆవిడా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మనిషంత బెలూన్‌కి సబ్బుపెట్టెంత పరికరం కట్టి వదులుతుంది. అది పైకి పోతూ చలి ఎంత, తేమ ఎంత, గాలి ఎటు అని కిందికి చెప్తూ ఉంటుంది. ఆ అంకెలు సరిచూసి పంపడం నా పని. ఆవిడ ఇక్కడికి వచ్చి ఎనిమిదేళ్ళయింది. నేను దిగిన రోజే నా బూట్లు చూసి, "ఇవి పేరంటానికమ్మా, కొండకి కాదు" అని తన పాత జత ఇచ్చింది. నేను బెలూన్ అక్కా అంటున్నాను. పలుకుతోంది.

అసలు సంగతికి వస్తున్నా. ఇక్కడి కాంట్రాక్టు పని పర్మనెంట్ చేస్తున్నారు. నేనూ అప్లికేషన్ పెట్టాను. జూలై 17, పొద్దున పదకొండింటికి ఇంటర్వ్యూ. కిందికి వెళ్ళి ఇవ్వచ్చు, లేదా వీడియోలో ఇవ్వచ్చు. ఇద్దరం ఒకేసారి కొండ దిగకూడదు, ఆ వారం బెలూన్ అక్క దిగుతోంది. కాబట్టి నాకు వీడియోనే గతి. కేంద్రం లైను అంకెలు పంపడానికే. సొంతానికి వాడితే ఉన్న ఉద్యోగమే ఊడుతుంది.

ఎదురు కొండ మీద కొత్తగా టవరు వేశారు. ఫోను కిటికీ అద్దానికి ఆనిస్తే ఒక గీత వస్తుంది, చేతిలోకి తీసుకుంటే అదీ పోతుంది. డాంగిల్ పెట్టినా అంతే. పరికరాలు బాగుచెయ్యడానికి వచ్చినాయన ఒక మాట చెప్పాడు. ల్యాప్‌టాప్ లోపలే సిమ్ వేసుకునే నెట్ కార్డు బిగించుకోవచ్చట. యాంటెన్నాలు మూత అంచుల్లో ఉంటాయి కాబట్టి ఫోను కంటే బాగా పట్టుకుంటుందట. కొన్నాక కూడా వేసుకోవచ్చా అక్కా? నా దాంట్లో కుదురుతుందా? దాని పొట్ట విప్పి చూసినదానివి నువ్వే కదా.

సరుకుల బండి గురువారమే వస్తుంది, ఉత్తరాలు కూడా దాంట్లోనే. త్వరగా రాయి.

నీ పిట్ట


రిపేరు షాపు, మేడ మీద
మే 24

పిట్టా,

నీ ఉత్తరం అమ్మకి పైకి చదువుతుంటే "బెలూన్ అక్క" దగ్గర గొంతు ఆగిపోయింది. "ఏమైందే, ఈగ పోయిందా?" అంది అమ్మ. పోయింది, ఈగ కాదు, ఏకంగా బెలూనే పోయింది.

ఆవిడ నీకు ఏ వరసన అక్క? నీకు తట్టు పోసినప్పుడు పదకొండు రోజులు నీ చేతులు పట్టుకుని గోక్కోనివ్వకుండా కూర్చున్నది ఆవిడేనా? నీ లెక్కల పరీక్ష పోయిందని నాన్నకి నా నోటితో చెప్పించావు, అప్పుడు తిట్లు తిన్నది ఆవిడేనా? ఒక జత పాత బూట్లకే అక్క అయిపోతే, చెప్పుల షాపతను నీకు మేనమామ అవ్వాలి. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా! మూడు నెలలు కాలేదు కొండెక్కి, అప్పుడే కొత్త అక్క!

కుళ్ళుకుంటోందని నవ్వుకుంటున్నావు కదూ? నవ్వుకో. కుళ్ళే. ఇంట్లో ఆ మాటకి పలికేదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇక ల్యాప్‌టాప్. అవ్వదు. కార్డు కూర్చునే చోటు లోపల ఖాళీగా ఉంటుంది, అది నిజమే. కానీ కార్డు ఒక్కటే ఉంటే ఏం లాభం, దాని దగ్గర్నుంచి మూత దాకా రెండు వైర్లు పాకాలి. అవే యాంటెన్నాలు. కార్డు లేకుండా అమ్మే రకంలో కంపెనీవాళ్ళు ఆ వైర్లు కూడా మిగుల్చుకుంటారు. నీ దాంట్లో లేవు. కొత్తగా వెయ్యాలంటే తెర మొత్తం ఊడదియ్యాలి, అది నా బల్ల మీద తప్ప జరిగే పని కాదు.

కాబట్టి చక్కగా సెలవు అడిగి ఇంటికి రా. ఇక్కడ నెట్ ఉంది, తలుపు వేసి అమ్మని నోరు మూయించే బాధ్యత నాది. ఆవిడ ఆ వారమే దిగాలా? ఇంకో వారం దిగమను. అన్నట్టు, పర్మనెంట్ అయితే అక్కడ ఎన్నేళ్ళుండాలి? అన్నీ రాశావు, అదొక్కటి రాయలేదు.

అక్క (అసలుది)


కొండ మీద
జూన్ 6

అసలు అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాను. బెలూన్ అక్క "ఏమిటమ్మా అంత నవ్వు" అంటే, మా అక్క క్షేమసమాచారాలు అన్నాను. చూపించలేదులే, భయపడకు.

మూడేళ్ళు. పర్మనెంట్ అయితే మూడేళ్ళు ఇక్కడే ఉండాలి. నువ్వు అడుగుతావనే రాయలేదు. అక్కా, నాకు ఈ పని కావాలి. ఇంట్లో మూలన కూర్చుని ఉద్యోగం రాలేదని ఏడ్చిన నాలుగేళ్ళూ నువ్వు చూసినవే. ఇక్కడ పొద్దున్నే లేచి మేఘాలు చూసి రాసుకుంటుంటే నా బతుక్కీ ఒక పని ఉందనిపిస్తోంది. నేను చూసిన అంకెని నమ్మి ఎక్కడో విమానం దారి మార్చుకుంటుంది. ఇంకోసారి ఇలాంటిది దొరకదు నాకు.

సెలవు అడిగాను. కుదరదన్నారు. ఆవిడ వారం మార్చుకోవడానికీ లేదు, కారణం తర్వాత చెప్తాను.

వైర్లు లేవని ఆవిడకి చెప్పాను. "ఒకసారి విప్పి చూస్తే పోయేదేముంది?" అంది. మా అక్క లేవంటే లేవు, పదిహేనేళ్ళుగా అదే పనిలో ఉన్న మనిషి అని గట్టిగా చెప్పాను. కానీ పోయిన గురువారం బండిలో కిందికి వెళ్ళి, బజారంతా తిరిగి ఒక కార్డు కొనుక్కొచ్చేసింది! "ఉంచు, ఎప్పటికైనా పనికొస్తుంది" అంటుంది. ఎంత మొండిదో చూడు. నిద్రలో గురక పెడుతుంది, లేచాక పెట్టింది నువ్వే అంటుంది నన్ను. అలాంటి మనిషి.

వైర్లు లేకపోతే బయట నుంచి ఏదైనా యాంటెన్నా తగిలించే దారి ఉందా? ఆలోచించి చెప్పు. నీకు తెలియని ఉపాయం ఉండదు.

నీ పిట్ట


రిపేరు షాపు
జూన్ 14

పిట్టా,

విప్పకండి. ముందే చెప్తున్నాను, దాన్ని విప్పకండి. అడుగు రేకుకి పదకొండు మరలు, అందులో మూడు పొట్టివి. పొట్టి మర ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే లోపల బోర్డుకి చిల్లు పడుతుంది. బెలూన్‌కి తాడు కట్టినంత సులువు కాదు. నేను చెప్పాను కదా లేవని! నా మాట మీద నమ్మకం లేని మనిషి ఆ చుట్టుపక్కల ఒకరున్నారు, అది నువ్వు కాదని అనుకుంటున్నాను.

అయినా ఆవిడకి ఎందుకంట ఇంత ఆరాటం? సొంత ఖర్చుతో కార్డు కొంటుందా? ఊరికే ఎవరు చేస్తారే? ఒంటరి మనిషి, చలికొండ, మాట్లాడ్డానికి నీలాంటి పిల్ల దొరికింది. మూడేళ్ళు కట్టి పడేసుకుందామని. అంతకు మించి ఏమీ లేదు. నేను మనుషుల్ని చూడలేదనుకుంటున్నావా? రోజుకి ఇరవైమంది వస్తారు నా బల్ల దగ్గరికి, మిషను కింద పడలేదని ఒట్లు వేస్తారు, మూలకి సొట్ట కనపడుతూనే ఉంటుంది.

మూడేళ్ళు! మూడేళ్ళకి నువ్వు నన్ను పిన్నీ అని పిలిచినా ఆశ్చర్యపోను.

నేను ఇలా రాస్తున్నానని అమ్మకి తెలిస్తే తిడుతుంది. "దాని బతుకు అది బతుకుతుంటే నీకెందుకే కడుపుమంట" అని నిన్ననే అంది. అమ్మకేం, అమ్మ అమ్మే, ఇంకెవరినీ నువ్వు అమ్మా అనలేదుగా.

బయటి యాంటెన్నా పనికిరాదు. ఇంటికి రా. ఉద్యోగాలు బోలెడు.

అక్క


వాతావరణ కేంద్రం
జూన్ 26

అక్కగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. అది అందేసరికే విప్పేశాం. మూడు పొట్టి మరలూ విడిగా పెట్టాం, మీరు కంగారుపడకండి.

బ్యాటరీ పక్కన కార్డు కూర్చునే చోటు ఖాళీగా ఉంది. దాని పక్కనే రెండు వైర్లున్నాయి. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. రెండిటి చివరలూ కలిపి పసుపు టేపు చుట్టి ఉంది. టేపు మీద నీలం సిరాతో "మార్చి 2" అని తేదీ, కింద కొక్కెంలాంటి పొడి సంతకం. వదులుగా ఉన్న వైరుకి టేపు చుట్టి తేదీ వెయ్యకుండా మూత మూసేవాడు మెకానిక్కే కాదని మీరు నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. మార్చి రెండున మీరు దాన్ని తుడిచి బిగిస్తుంటే నేను మీ పక్కనే కూర్చుని బట్టలు సర్దుకుంటున్నాను.

"ఈ రాత ఎవరిదమ్మా?" అని ఆవిడ అడిగింది. ఎవరో షాపువాళ్ళదని అన్నాను. అలా అంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. మిమ్మల్ని కాపాడ్డానికి నేను ఒకరికి అబద్ధం చెప్పాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడకి అర్థమైందనే అనుకుంటున్నాను. టీ పెట్టడానికి లేచి వెళ్ళింది.

ఆవిడ తెచ్చిన కార్డు పెట్టి ఆన్ చేస్తే, తెర మీద "అనుమతి లేని కార్డు ఉంది, తీసేసి మళ్ళీ మొదలుపెట్టండి" అని వచ్చి ఆగిపోయింది. తీసేస్తే మామూలుగా లేచింది. ఇలా అవుతుందని కూడా మీకు ముందే తెలిసుంటుంది. అమ్మా పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు చూడండి, సామెత మీ కోసమే పుట్టినట్టుంది.

ఇంటర్వ్యూకి ఇంకా మూడు వారాలుంది. సహాయం అడగడానికి ఈ ఉత్తరం రాయలేదు. వైర్లు ఉన్నాయని చెప్పడానికే రాశాను.

మీ చెల్లెలు


రిపేరు షాపు
జూలై 3

పిట్టా,

నన్ను మీరు అనకే. చెంపమీద కొట్టు, పడతాను. "అక్కగారికి" అని చదివి బల్ల దగ్గరే కూర్చుండిపోయాను. షాపు ఓనరు వచ్చి ఎవరైనా పోయారా అని అడిగాడు.

అబద్ధం చెప్పాను. తెలిసే చెప్పాను. వైర్లున్నాయి, వాటికి టేపు చుట్టింది నేనే, కంపెనీ తన జాబితాలో లేని కార్డు కనపడితే మిషను లేవనివ్వదనీ తెలుసు. ఇవన్నీ ఒక్క కాగితం మీద రాసి మేలోనే పంపి ఉంటే ఈపాటికి నీకు నెట్ ఉండేది. రాయడానికి కూర్చున్నాను కూడా. మొదటి రెండు లైన్లు రాశాను. తర్వాత నీ ఉత్తరంలో బూట్ల సంగతి మళ్ళీ చదివాను. నువ్వు వెళ్ళేటప్పుడు ల్యాప్‌టాప్ తుడిచి, కీబోర్డు మార్చి, బ్యాటరీ మార్చి, అన్నీ చూసి ఇచ్చాను కదా, బూట్లు చూడాలని నాకు తట్టలేదు. ఆవిడకి తట్టింది. చూసిన రెండో నిమిషంలో తట్టింది. ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితం చింపి ఇంకోటి రాశాను.

ఇంటికి వస్తావనుకున్నాను. ఇంటర్వ్యూ పోతే పోయిందిలే, ఇంకోటి చూసుకోవచ్చు, పిల్ల నా కళ్ళముందు ఉంటుంది అనుకున్నాను. నీ నాలుగేళ్ళ ఏడుపూ చూసినదాన్నే, అయినా అలా అనుకున్నాను. నాలాంటి అక్క పగవాళ్ళకి కూడా వద్దు.

కవరులో వెండిరంగు సంచి ఉంది చూడు. అందులో కార్డు ఉంది. వెనక స్టిక్కరు మీద మన ల్యాప్‌టాప్ కంపెనీ నంబరే ఉంటుంది, దీన్ని మాత్రం వద్దనదు. బజారులో దొరకలేదు. నా ల్యాప్‌టాప్ నీ దానికి జతది కదా, నా దాంట్లోంచి తీశాను. నాకిక్కడ గోడకి నెట్ ఉంది, దాంతో పనిలేదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ముందు ఆ ఉన్ని స్వెటర్లు విప్పి దూరంగా పెట్టు, ఇనప గొట్టాన్నో కిటికీ ఊచనో ఒకసారి ముట్టుకో. చలిలో ఉన్ని ఒంటికి రాసుకుంటే కరెంటు పుడుతుంది, కార్డు చచ్చిపోతుంది. బ్యాటరీ వైరు ఊడదియ్యి. కార్డుని కాస్త ఏటవాలుగా దూర్చి, కిందికి వంచి, చివర మర బిగించు. తర్వాత ఆ పసుపు టేపు తీసి పారెయ్యి, దాన్ని దాచకు, నాకు చూపించకు. వైర్ల చివర చిన్న ఇత్తడి టోపీలుంటాయి. తెల్లది పెద్ద గుర్తు ఉన్న చోట, నల్లది రెండోచోట. నిలువుగా పెట్టి బొటనవేలి గోటితో నొక్కు. టిక్కుమనాలి. టిక్కుమనకపోతే కూర్చోలేదన్నమాట. చూడ్డానికి కూర్చున్నట్టే ఉంటుంది, మొదట్లో సిగ్నల్ కూడా వస్తుంది, సరిగ్గా మాట మధ్యలో ఉండగా ఊడిపోతుంది. సిమ్ బ్యాటరీ పక్క సందులో, బంగారు రంగు కిందికి. అంతే. పది నిమిషాల పని. పది నిమిషాల పనికి నెల రోజులు నిన్ను ఏడిపించాను.

ఒక్కటే అడుగుతాను, వినకపోయినా ఏమీ అనను. ఆ వైర్లు నువ్వే నొక్కు. ఆవిడ చెయ్యి పెట్టకూడదు. కార్డు నాది, వైర్లకి టేపు చుట్టింది నేను, మిషను నేనిచ్చింది. అంతవరకైనా మనిద్దరి మధ్యే ఉండనీ.

ఆవిడ తప్పుడు కార్డు కావాలనే తెచ్చిందేమోనని కూడా ఒక క్షణం అనిపించింది. అనిపించింది కాబట్టి రాస్తున్నాను. ఇకనుంచి ఏదీ దాచను.

అక్క


రిపేరు షాపు
జూలై 25

పిట్టా,

ఒక్క ముక్క రాయవేమే? కార్డు అందిందా, బిగిసిందా, ఇంటర్వ్యూ అయిందా?

బిగిసిందని తెలుసులే. పదో తారీకు సాయంత్రం నా ఫోనులో నీ పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది. నేను సోల్డరింగ్ చేస్తున్నదాన్ని కాస్తా వేలు కాల్చుకున్నాను. "అమ్మా, పిట్ట నెట్‌లోకి వచ్చింది" అని మేడ కదిలేలా అరిచాను. అమ్మ చీరకొంగుతో మొహం తుడుచుకుని వచ్చి ఫోను ముందు కూర్చుంది, నువ్వు ఇప్పుడు కనపడతావని. గంట సేపు కూర్చుంది. చుక్క వెలుగుతూనే ఉంది. ఫోను మోగలేదు. మర్నాడు మళ్ళీ గంట. ఆ మర్నాడూ గంట.

ఎవరితోనే ఆ గంటలు? నా కార్డుతో ఎవరితో మాట్లాడుతున్నావు? అడక్కూడదని నాకూ తెలుసు. అమ్మ కూడా అడగొద్దంది. అడుగుతున్నాను.

నేను చేద్దామని ఆరుసార్లు నీ పేరు నొక్కబోయాను. నువ్వు ఎత్తకపోతే ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయాను.

అక్క


కొండ మీద
ఆగస్టు 20

అక్కా,

ఫోను చెయ్యచ్చు. నాలుగు గీతలు వస్తున్నాయి. కానీ ఫోనులో నీ మొహం చూస్తే ఏడుస్తాను, లేకపోతే అరుస్తాను, చెప్పాల్సింది చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

ఉద్యోగం వచ్చింది. పన్నెండో తారీకు ఆర్డరు చేతికొచ్చింది. అమ్మకి చెప్పు.

నీకు ఒక సంగతి చెప్పలేదు. మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. పోస్టు ఒక్కటే. పోటీకి ఉన్నది ఇద్దరం, నేనూ ఆవిడా. ఆ వారం ఆవిడ కొండ దిగింది తన ఇంటర్వ్యూకే, అందుకే వారం మార్చుకోలేదు. చెప్తే నువ్వేమంటావో నాకు తెలుసు. "చూశావా, నీకు పోటీకి వచ్చిన మనిషి, ఆవిడని నమ్ముతావా" అంటావు. అందుకే దాచాను. నా తప్పు నాకుంది.

ఆవిడకి మొదటినుంచీ తెలుసు. నాకు నెట్ లేకపోతే ఇంటర్వ్యూ లేదు, ఇంటర్వ్యూ లేకపోతే పోస్టు తనదే. ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన పోస్టు. ఊరికే కూర్చుంటే చాలు, ఏ పాపమూ చెయ్యక్కర్లేదు. అలాంటిది బజారంతా తిరిగి కార్డు తెచ్చింది. తప్పుడు కార్డని ఆవిడకేం తెలుసు, షాపువాడు అంటగట్టాడు. నీ కార్డు వచ్చాక నువ్వన్నట్టే నేనే బిగిద్దామని కూర్చున్నాను. తెల్ల వైరు రెండుసార్లు జారింది. ఆవిడ నన్ను పక్కకి జరిపి, నువ్వు రాసిన పద్ధతి నాతో పైకి చదివించుకుని, స్వెటర్ విప్పి, ఊచ ముట్టుకుని, కార్డూ వైర్లూ అన్నీ తనే పెట్టింది. నువ్వు వద్దన్నావని నాకు గుర్తుంది. చెప్పలేకపోయాను.

నువ్వడిగిన గంటలు అవే. పాత ప్రశ్నపత్రాలు దించి నాతో చదివించింది, చదవకపోతే తిట్టింది. నేను నెమ్మదిగా చెప్తున్నానని విసుక్కుంది. పదిహేడున నా ఇంటర్వ్యూ నలభై నిమిషాలు సాగింది. ఒక్కసారి కూడా మాట తెగలేదు.

ఆర్డరు వచ్చాక ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గ్లాసు విసిరికొట్టింది. దేవత అనుకునేవు, కాదు. నేను వదులుకుంటానంటే చెయ్యెత్తి కొట్టబోయింది. మూడో రోజు సామాను సర్దుకుంటూ చెప్పింది, ఆవిడ మాటలే రాస్తున్నాను:

"నాకూ మండుతోందమ్మా, మనిషిని కాదా? ఆ వైరు పెట్టేటప్పుడు ఒక్క క్షణం అనిపించింది, నొక్కకుండా ఊరికే ఆనించి వదిలేద్దామా అని. మీ అక్క రాసిందిగా, చూడ్డానికి కూర్చున్నట్టే ఉంటుందని. ఎవరికీ తెలిసేది కాదు. నీ మొహం చూశాను. నొక్కేశాను."

ఇక్కడ కాంట్రాక్టువాళ్ళని ఇక ఉంచరట, పోస్టు నాకు వచ్చింది కాబట్టి ఆవిడ పని అయిపోయింది. పోయిన గురువారం బండిలో వెళ్ళిపోయింది. వెళ్ళేముందు బెలూన్ కట్టడం నాకు నేర్పింది. ఇప్పుడు రెండు పనులూ నేనే చేస్తున్నాను, బదిలీ మీద ఎవరైనా వచ్చేదాకా.

నీకు నచ్చని అక్క లేదిప్పుడు ఇక్కడ. కొండ మీద నేనొక్కదాన్నే ఉన్నాను.

పిట్ట


రిపేరు షాపు
ఆగస్టు 30

పిట్టా,

అమ్మకి ఉద్యోగం సంగతి ఒక్కటే చదివాను. సంతోషంతో మేడంతా తిరుగుతోంది. మిగతాది చదవడానికి నోరు రాలేదు. "ఇంకేం రాసింది?" అంటే చలి ఎక్కువగా ఉందట అన్నాను. ఏదీ దాచనని నీకు రాసి రెండు నెలలు కాలేదు, మళ్ళీ దాచాను. రేపు చదువుతాను.

నీకు క్షమించమని రాస్తే అది నీ మీద ఇంకో బరువు అవుతుంది. రాయను. నువ్వు ఎప్పుడు ఫోను చేస్తే అప్పుడు ఎత్తుతాను. ఏడ్చినా సరే, అరిచినా సరే. చెయ్యకపోయినా పచ్చచుక్క చూసుకుంటాను.

ఒక నిజం చెప్తాను, తిట్టుకో. నీ ఉత్తరం చదివాక నాకు సిగ్గు ముందు రాలేదు. ఏడుపూ రాలేదు. మొదట వచ్చింది అసూయే. నువ్వు ఆవిడని అక్కా అని పిలిచావని ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నాను. అది పిలుపే, నువ్వు మానేస్తే పోయేది. ఇప్పుడు ఆవిడ అక్కలా చేసిందని కుళ్ళుకుంటున్నాను. ఇది ఎవరు మానేస్తే పోతుందే? రెండు వైర్లూ ఆవిడ చేతిలోనూ ఉన్నాయి, నా చేతిలోనూ ఉన్నాయి. నేను నిన్ను ఇంటికి లాక్కుందామని వాటిని దాచేశాను. ఆవిడకి వాటి వెనక ఎనిమిదేళ్ళ బతుకుంది.

వెళ్ళిపోయిందని రాశావు. మేలో ఈ మాట విని ఉంటే కొబ్బరికాయ కొట్టేదాన్ని. ఇప్పుడు నువ్వొక్కదానివీ ఆ గాలిలో బెలూన్ తాడు పట్టుకుని నిలబడ్డావని తలుచుకుంటుంటే అన్నం దిగడం లేదు.

ఆవిడ నంబరు పంపు. అడ్రసు కూడా. అనుమానపడకు, పోట్లాడను. ధన్యవాదాలు చెప్పే మొహం కూడా లేదు నాకు. ఆవిడని ఒకటే అడగాలి. లోపల అంత మంట పెట్టుకుని ఆ వైరు నొక్కడానికి మనసు ఎలా ఒప్పింది అని. పదిహేనేళ్ళుగా వైర్లు నొక్కుతున్నాను పిట్టా, నాకు ఆ పని చేతకాలేదు.

అక్క